మద్రాసు రాజధాని పేరు మోసిన బాంబు విమానములు



ఉదయగిరి దుర్గమును గూర్చి మీకు వేరుగ చెప్పవలసిన పనిలేదు. శ్రీకృష్ణదేవరాయలు ఆ కొండను ముట్టడించి, ఏడాదికి పైగా కాచియుండి, 1514వ సంవత్సరమున వశపరచుకొనెనని మర్రిపాడు, ఆత్మకూరు ప్రాంతముల పెద్దలందరు ఎరుగుదురు. ఆ కాలమున యుద్ధమనగా కంటికి కనబడు వస్తువు. దండు ఏ దారిని వచ్చినదో, ఏ చెరువుగట్టున విడిసినదో, ఏ వాకిట ఎవడు కూలినాడో ఊరివారు చూచి, బిడ్డలకు చెప్పుకొనెడివారు. రెండవ ప్రపంచయుద్ధము అట్టిది కాదు. 1939 మొదలు 1945 వరకు జరిగిన ఆ యుద్ధమున మన ధనము, మన గనులలోని అభ్రకము, మన మనుష్యులు సముద్రములు దాటి పోయి, మనము చూడని చోట్ల వ్యయమైపోయిరి. ఆ పెద్ద లెక్కలో ఒక్క పద్దును మాత్రము ఈనాడు తీసి చూతము. అది మన రాజధాని పేరు పెట్టుకొని పోరాడిన ఒక బాంబు విమానదళము కథ.

రాజధాని యనగా ఇచ్చట పట్టణమని అర్థము కాదు. ఇంగ్లీషువారు మద్రాసు ప్రెసిడెన్సీ యని పిలిచిన రాష్ట్రమును ఆనాడు తెలుగున మద్రాసు రాజధాని యనెడివారు. మన నెల్లూరు జిల్లా అందులోనిది.

1940లో జర్మనీ విమానములు ఇంగ్లండుపై రాత్రింబవళ్లు బాంబులు కురిపించుచుండగా, విమానములు కొనుటకై బ్రిటిషు సామ్రాజ్యమంతటను చందాలు పోగుచేసిరి. ఒక చిన్న పోరాట విమానమునకు 5,000 పౌనులని ధర కట్టిరి. రూపాయికి షిల్లింగున్నర మారకము గల ఆ దినములలో అది 66,000 రూపాయలకు పైమాట. మద్రాసు రాజధానిలో గవర్నరు సర్ ఆర్థర్ హోపుగారి ప్రోద్బలమున యుద్ధనిధి వసూలైనది. జమీందారులును వర్తకులును వేలు ఇచ్చిరి. ఉద్యోగులు జీతములనుండి ఇచ్చిరి. కాపులు రూపాయలును అణాలును ఇచ్చిరి. ఇష్టపడి ఇచ్చినవారు కలరు. అధికారి మాట తీసివేయలేక ఇచ్చినవారును కలరు.

ఇంకొక ప్రక్కను కూడ చెప్పవలెను. ప్రజల నడుగకయే ఇండియాను యుద్ధములోనికి దింపిరని, 1939 అక్టోబరు చివర చక్రవర్తి రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రాజీనామా ఇచ్చినది. మరుసటి యేడు అక్టోబరు 17వ తేదీన వినోబా భావేగారితో వ్యక్తి సత్యాగ్రహము మొదలైనది. ఈ యుద్ధమునకు ధనముగాని జనముగాని ఇయ్యరాదని బహిరంగముగ పలికి, తెలుగుజిల్లాలలో ఎందరో చెరసాలలకు పోయిరి. కనుక మన రాజధాని పేరు విమానముపై ఎక్కినదనగా, అందరు ఏకమనస్సుతో ఎక్కించినారని అనుకొనరాదు. అదే దినములలో ఒకరు చందా చెల్లించిరి. ఒకరు జైలుకు నడచిరి.

ఆ చందాలకు గుర్తుగా రాయల్ ఎయిర్ ఫోర్సు అను బ్రిటిషు విమానసేనలో నాలుగు దళములకు మద్రాసు రాజధాని పేరు పెట్టిరి. అవి 79, 99, 234, 264 సంఖ్యలు గల దళములు. వీనిలో మూడు శత్రువిమానములను వెంటాడు చిన్న విమానముల దళములు. 99వది మాత్రము బాంబులు మోయు పెద్ద విమానముల దళము. ఇట్లు పేరు పెట్టుట క్రొత్త ఆచారము కాదు. 1918లోనే, మొదటి ప్రపంచయుద్ధమున, నైజాము ప్రభువు ఇచ్చిన ధనముతో అమర్చిన 110వ దళమునకు హైదరాబాదు దళమని పేరు వచ్చినది; దాని విమానములమీద నిజాముగారి దానమని వ్రాసిరి.

99వ దళము 1917 ఆగస్టులో ఇంగ్లండున పుట్టినది. 1925 చివర, హ్యాండ్లీ పేజి కంపెనీవారు కట్టిన బరువు బాంబు విమానములను అన్ని దళములకన్న ముందుగ పొందినది. ఆ విమానమునకు తయారుచేసినవారు పెట్టిన పేరు హైదరాబాదు. మన పేరు రాకముందే దక్కను పేరు గల విమానము నెక్కిన దళమిది. 1938లో వెల్లింగ్టను అను క్రొత్త బాంబు విమానమును గూడ మొదట పొందినది ఈ దళమే.

వెల్లింగ్టనునకు ఇంజనులు రెండు. రెక్కల కొననుండి కొనకు 86 అడుగులు. బార్న్స్ వాలిసు అను శిల్పి దాని శరీరమును మేదరివాడు బుట్ట నల్లినట్లు సన్నని లోహపు కమ్ములతో ఏటవాలుగ అల్లించి, దానిపై గట్టి పూతపూసిన గుడ్డ కప్పించెను. ఒకచోట గుండు తగిలి కమ్ములు తెగినను తక్కిన అల్లిక బరువును మోసెడిది. తోక తెగినట్లయి, గుడ్డ చినిగిపోయి, ఎముకలగూడువలె ఇంటికి చేరిన వెల్లింగ్టనులు కలవు. అందువలన దానిని నడుపువారికి దానియందు మిక్కిలి నమ్మకము.

ఆ నమ్మకమునకు మొదటి పెద్ద పరీక్ష 1939 డిసెంబరు 14వ తేదీన వచ్చినది. యుద్ధము మొదలై మూడు నెలలు మాత్రమే గడచినది. మన పేరు దళమునకు ఇంకను రాలేదు. ఇంగ్లండులోని న్యూమార్కెట్టు అనుచోట గుఱ్ఱపుపందెముల మైదానమున విడిసియున్న ఈ దళమునుండి పండ్రెండు వెల్లింగ్టనులు పట్టపగలు బయలుదేరి, జర్మనీ తీరమున విల్హెల్మ్స్‌హావెను రేవు వెలుపల యుద్ధనౌకలను వెదకబోయినవి. ఆనాడు మబ్బులు సముద్రమును తాకుచున్నట్లుండెను. మబ్బు క్రిందికి దిగినగాని నౌకలు కనబడవు. అంత క్రిందనుండి బాంబు వేయరాదని ఆజ్ఞ. నౌకలు కనబడినవి. బాంబులు మాత్రము వేయుటకు వీలులేకపోయెను. నౌకలనుండి ఫిరంగులు, పైనుండి జర్మను పోరాట విమానములు ఒక్కుమ్మడిగ మీదపడినవి. అయిదు విమానములు తిరిగి రాలేదు. ఆఱవది దెబ్బతిని, ఎట్లో ఇల్లు చేరవచ్చి, దిగబోవుచు కూలిపోయెను. పండ్రెండింట ఆఱు పోయినవి. శత్రువుపై ఒక్క బాంబును పడలేదు.

పెద్దలారా, ఇచ్చట గమనింపదగిన సంగతి నష్టముకన్న ఆ నష్టమునకు పైవారు చెప్పుకొన్న కారణము. విమానములు దండుకట్టి ఒకదాని నొకటి కాచుకొనుచు పోయినచో శత్రువు వానిని పగటివేళను కూల్చలేడని సేనాధికారుల సిద్ధాంతము. ఆ సిద్ధాంతమును విడిచిపెట్టుటకు వారికి మనసొప్పలేదు. కూలినవి ఓడల ఫిరంగులకు కూలినవే గాని పోరాట విమానములకు కాదని తలంచిరి. నాలుగు దినములు గడువకమునుపే, డిసెంబరు 18వ తేదీన, వేరు దళములకు చెందిన ఇరువదిరెండు వెల్లింగ్టనులను అదే తీరమునకు పగటివేళ పంపిరి. అందు పండ్రెండు పోయినవి. వెల్లింగ్టను తుపాకులు ప్రక్కనుండి పైగా వచ్చు శత్రువును కొట్టజాలవనియు, నూనెతొట్లు గుండు తగిలిన తోడనే మండుననియు అప్పటికిగాని ఒప్పుకొనలేదు. పిమ్మట తొట్లకు రక్షణ కల్పించిరి. పగటిదాడులు చాలవఱకు మాని రాత్రివేళలకు మార్చిరి. ఇంగ్లండు బాంబు విమానములు యుద్ధమంతయు చీకటిలో ఎగురుటకు మూలము ఈ రెండు దినములే. మొదటి దినమున చచ్చినవారి సాక్ష్యమును సరిగ చదివియున్నచో రెండవ దినమున అంతమంది చావవలసిన పని లేకపోయెను.

1942 తొలినెలలలో యుద్ధము మన వాకిటికి వచ్చినది. సింగపూరు, రంగూను జపానువారి వశమైనవి. రంగూనులో రేవుపని, మిల్లుపని చేసికొని బ్రదుకుచున్న తెలుగువారు వేలకొలది కొండలు, అడవులు దాటి కాలినడకను వచ్చిరి. దారిలో చనిపోయినవారికి లెక్కలేదు. ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసినవి. ఆ నెలలో మద్రాసు పట్టణమున సగము ఇండ్లకు తాళములు పడి, జనము లోపలి జిల్లాలకు తరలిపోయెను. ఆ సంవత్సరముననే 99వ దళము ఇంగ్లండు విడిచి ఇండియాకు చేరినది. మద్రాసు రాజధాని పేరు పెట్టుకొన్న విమానములు ఇట్లు మన దేశపు నేలమీదికి వచ్చినవి. కాని మన జిల్లాలలో కాక, బెంగాలులో విడిసినవి. 1942 నవంబరునుండి రాత్రివేళల బర్మాలోని జపాను విమానాశ్రయములపైనను, రైలుస్టేషనులపైనను దాడి సాగించినవి. 1943లో జెస్సూరున విడిసియున్నవి. అదే యేడు బెంగాలు కరవున ముప్పదిలక్షలమంది చనిపోయిరని లెక్క. పైన యుద్ధవిమానములు, క్రింద గంజికై చేతులు చాచిన జనము. ఆ కాలమును తలంచినప్పుడు ఈ రెండింటిని విడదీయరాదు.

1944 సెప్టెంబరులో వెల్లింగ్టనులు పోయి, అమెరికాలో కట్టిన లిబరేటరులు వచ్చినవి. దళము నదియా జిల్లాలోని ధుబులియాకు మారినది. లిబరేటరు నిజముగ భారీ విమానము. 1,200 గుఱ్ఱముల బలము గల ఇంజనులు నాలుగు. రెక్కలు కొననుండి కొనకు 110 అడుగులు. అందు ఎనమండుగురో అంతకు మించియో ఎక్కుదురు. నడుపువాడొకడు, నక్షత్రములను, గడియారమును, పటమును చూచి దారి లెక్కకట్టువా డొకడు, గుఱిచూచి బాంబు విడుచువా డొకడు, వైర్‌లెస్సువా డొకడు, ఇంజనుల సంగతి చూచువా డొకడు, తక్కినవారు ముక్కున, వీపున, ప్రక్కల, తోకన తుపాకులకడ కూర్చుందురు. వీరిలో చాలమంది ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల పడుచువాండ్రు. బెంగాలునుండి బాంకాకునకు పోయి వచ్చుటకు రెండువేల మైళ్లు. సాయంకాలము ఎక్కినచో తెల్లవారి దిగుట. శత్రువు గుండ్లకన్న వర్షాకాలపు మేఘములు ఎక్కువ భయము. కొండంత మబ్బులో చిక్కిన విమానమును ఆ గాలి ఆకువలె పైకి విసరి క్రిందికి విసరును. అడవిమీద ఇంజను ఆగినచో దిగుటకు చోటులేదు. దిగినను వచ్చి వెదకువాడు లేడు.

మన జిల్లాకు ఈ విమానములతో ఇంకొక సంబంధమును కలదు. గూడూరు, రాపూరు, ఆత్మకూరు తాలూకాలలోని అభ్రకపు గనులను మీరు చూచియుందురు. కూలివాండ్రు రేకురేకుగ చీల్చిన ఆ అభ్రకము నిప్పునకు కాలదు, విద్యుత్తును పోనీయదు. వైర్‌లెస్సు యంత్రములకును, ఇంజనులలో నిప్పురవ్వ పుట్టించు సాధనములకును అది లేక గడువదు. అందుచేత 1942లో బ్రిటను, అమెరికా ప్రభుత్వములు కూడి, ఇండియాలో అభ్రకమును కొనుటకై ఉమ్మడి సంఘము నొకదానిని పెట్టుకొనినవి. రోజుకు కొన్ని అణాల కూలికి వంగి రేకులు చీల్చిన స్త్రీల చేతిపని ఆకాశమున ఎగిరినది. చందా పుస్తకములో వారి పేరు లేదు.

ఇక ఈ కథలో మిక్కిలి కష్టమైన భాగమునకు వత్తము. జపానువారు 1942, 43 సంవత్సరములలో సయాము దేశమునుండి బర్మాకు అడవిలో 415 కిలోమీటర్ల రైలుదారి వేయించిరి. తెల్లసేనల ఖైదీలు అఱువదివేలమంది దానిపై పనిచేయగా, పండ్రెండువేలకు పైగా చచ్చిరి. అంతకన్న ఎన్నో రెట్లు ఆసియా కూలీలు పనిచేసిరి. అందు మలయాలోని రబ్బరుతోటలనుండి తీసికొనిపోయిన అరవలు, తెలుగువారు వేలకొలది కలరు. మంచి కూలి యిత్తుమని కొందరిని పిలిచిరి, కొందరిని పట్టుకొనిపోయిరి. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు వారిని తీసివేసినవి. చనిపోయిన ఆసియా కూలీలు డెబ్బదివేలనుండి తొంబదివేలవఱకు ఉందురని అంచనాలు. ఖైదీలకు డాక్టర్లు ఉండిరి, పేర్ల పట్టీలు ఉండెను. కూలీలకు అవి లేకపోయెను.

బెంగాలులోని లిబరేటరు దళములకు, అందు 99వ దళమునకును, ఈ రైలుదారి ముఖ్యమైన గుఱి. వంతెన కూల్చినచో బర్మాలోని జపాను సేనకు తిండి, మందుగుండు పోవు. అది యుద్ధనీతిచేత సరియైన గుఱియే. కాని వంతెనప్రక్కనే శిబిరములు ఉండెను. బాంబులలో కొన్ని తప్పిపడి, చెరలోనున్న వారి ప్రాణములే తీసినవి. కూల్చిన వంతెనను మరల కట్టుటకు వారినే తోలెడివారు. ఆలోచింపుడు: పైన మద్రాసు రాజధాని పేరు గల విమానము, క్రింద మద్రాసు రాజధానినుండి పొట్టకూటికై పోయిన కూలి. ఒకరికి ఒకరు తెలియదు. విమానములోని పిల్లవానికి వంతెన కనబడును గాని మనిషి కనబడడు. కూలికి రెక్కలు కనబడును గాని వానిమీది పేరు చదువబడదు. యుద్ధము దూరమునుండి చేయువిద్యయైన పిమ్మట ఇట్టి వింతలు పుట్టినవి.

1945 జూలై, ఆగస్టులలో 99వ దళము బెంగాలు విడిచి, హిందూమహాసముద్రము నడుమనున్న కోకోసు దీవులకు పోయినది. ఈ దీవుల పేరు క్రొత్తగ తోచును గాని, దీని కథ మన పెద్దలకు పాతదే. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మద్రాసుపై గుండ్లు కురిపించి, నూనెతొట్లను తగులబెట్టిన ఎమ్డెను నౌకను మఱచినవా రెవరు? ఆ ఎమ్డెను నవంబరు 9వ తేదీన ఆస్ట్రేలియా నౌకచేత దెబ్బతిని నేలకెక్కినది ఈ కోకోసు దీవులకడనే. ముప్పదియొక యేండ్లకు అచ్చటనే పగడపునేలమీద ఇనుపపలకలు పరచి విమానములకు బాట వేసిరి. 99వ దళమునకు తోడుగ 356వ దళము చేరినది. మలయామీద దండయాత్రకు ఇదియంతయు సన్నాహము. ఇంతలో ఆగస్టు 15వ తేదీన జపాను లొంగిపోవుచున్నట్లు ప్రకటించెను.

యుద్ధము ముగిసినదని లోకము సంతోషించినది. విమానములకు మాత్రము పని ముగియలేదు. మలయా, సుమత్రా, జావా శిబిరములలో ఖైదీలు ఆకలితో ఉండిరి. బాంబులు వ్రేలాడదీసిన అరలలోనే ఆహారపు పెట్టెలు, మందులు కట్టి జారవిడిచిరి. ఆగస్టు 23వ తేదీన 356వ దళపు లిబరేటరొకటి, కె. ఎల్. 654 అను సంఖ్య గలది, ఎనమండుగురితో కోకోసునుండి బయలుదేరెను. మలయా అడవులలో జపానువారి కెదురు నిలిచిన దళములకు సామగ్రి వేయుట దాని పని. వేయిమైళ్ల సముద్రము దాటి, నెగ్రి సెంబిలాను రాష్ట్రపు కొండ అడవిలో అది కూలిపోయెను. ఎనమండుగురును చనిపోయిరి. జపాను మాట వినవచ్చి అప్పటికి ఎనిమిది దినములు.

ఆ అడవి వారిని అఱువదేడేండ్లు దాచుకొనినది. కొండజనులకు శిథిలములు తెలిసియుండెను. కడపట మలేసియావారు త్రవ్వి, ఎముకలను, వస్తువులను వెలికితీసిరి. 2012 అక్టోబరు 18వ తేదీన కౌలాలంపూరులోని చెరాసు రోడ్డు శ్మశానవాటికలో, వచ్చిన బంధువుల యెదుట, సైనికమర్యాదలతో వారిని సమాధి చేసిరి. పోయినప్పుడు ఇరువదియేండ్ల పిల్లలు. తీసికొనవచ్చునప్పటికి వారి తల్లిదండ్రులు ఎవరును లేరు. అయినను ఒక రాజ్యము, ఒక కుటుంబము, ఒక పరాయిదేశము కలసి, పేరుపేరున వారిని వెదకి తెచ్చినవి. అది గొప్పపని.

99వ దళము కోకోసులోనే 1945 నవంబరు 15వ తేదీన రద్దయినది. రెండేండ్లకు మరల ఏర్పడి సామాను మోయు విమానములకు మారినది. నడుమ కొంతకాలము ఆగినను, ఆ సంఖ్య గల దళము నేటికిని కలదు. మద్రాసు రాజధాని మాత్రము లేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా మన నెల్లూరు జిల్లా అందులో చేరినది. పేరిచ్చిన రాష్ట్రము పోయి, పేరు చరిత్రలో మిగిలినది.

ఇప్పుడు మన పద్దు కూడి చూతము. 1939 డిసెంబరున చనిపోయిన విమానికులకు స్మారకములు కలవు. కె. ఎల్. 654 నెక్కిన ఎనమండుగురికి సమాధి కలదు. సింగపూరులోని క్రాంజి స్మారకముమీద, దేహము దొరకని సైనికుల పేర్లు ఇరువదినాలుగువేలు చెక్కియున్నవి. అందు మన దేశపు సిపాయిల పేర్లును గలవు. సయాము రైలుదారిన పడిపోయిన తెలుగు కూలీలలో అత్యధికులకు సమాధి లేదు, పట్టీ లేదు. బర్మా దారిలో పడినవారికిని లేదు. ఇచట తప్పు చనిపోయిన తెల్లపిల్లలది కాదు. వారికి దొరికిన గౌరవము ఎక్కువయినదని కాదు. మనవారికి దొరకినది తక్కువయినది. పేరు వ్రాసి ఉంచినచోట ఎన్నియేండ్లకైనను వెదకువాడు పుట్టును. వ్రాయనిచోట అడవియే మిగులును.

మన పల్లెలలో ఆ కాలపు మనుష్యులు నేడు అరుదు. కాని వారి పెట్టెలు కలవు. సైన్యమునుండి వచ్చిన కాగితమో, రంగూను మనియార్డరు రసీదో, మలయానుండి వ్రాసిన కార్డో, యుద్ధనిధికి చెల్లించిన చందా రసీదో ఏ దూలముపైననో ఉండవచ్చును. పోయి తిరిగిరాని చిన్నాయన పేరు ముసలమ్మల నోట ఇంకను ఉండవచ్చును. ఆ పేరు, తండ్రిపేరు, ఊరు, పోయిన యేడు, పోయిన దేశము ఒక పుస్తకములో వ్రాయించి, మీ ఊరి బడిలో ఉంచుడు. ఇది ప్రభుత్వము చేయవలసినది గదా యని కూర్చుండక, కరణముల లెక్కకన్న జాగ్రత్తగ మీరే వ్రాయుడు. ఉదయగిరి ముట్టడి జరిగి అయిదువందల యేండ్లు దాటినను మనము చెప్పుకొనగలుగుచున్నామనిన, ఎవరో శాసనము చెక్కించినందుననే గదా.